లా సీటు లెక్క: గుమ్మం చరిత్ర, మన పిల్లల ర్యాంకు

ప్రతి ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చాక మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఇద్దరో ముగ్గురో ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సార్, మాకు నేషనల్ లా యూనివర్సిటీలో సీటు వస్తుందా?" పదేళ్ల కిందట ఈ ప్రశ్న మా చెవిన పడలేదు. అప్పట్లో డీఎడ్, నర్సింగ్, పోలీసు ఉద్యోగం, ఇంకా చదివితే ఇంజనీరింగ్. ఇప్పుడు లా అంటున్నారు. మంచిదే. కానీ మే నెలలో అడిగే ఈ ప్రశ్నకు మేము ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే: ఆ పరీక్ష పోయిన డిసెంబరులోనే అయిపోయింది.

ఈ ఒక్క మాట తెలియక ఎందరు పిల్లలకు ఏడాది పోయిందో లెక్క కట్టినవారు లేరు. పేరున్న లా కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఎంత అనేది జాతకం కాదు, లెక్క. ఆ లెక్కకు ఒక చరిత్ర ఉంది. గుమ్మం ఎప్పుడు కట్టారు, ఎవరి కోసం కట్టారు, ఎన్నిసార్లు మార్చారు అన్నది తెలిస్తే లెక్క సులువవుతుంది. తోటి ఉపాధ్యాయులు, ఇంటర్ చదివే పిల్లలు ఇద్దరూ చదవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

1879 నుంచి మొదలుపెడతాం. ఆ ఏడాది రంప కొండల్లో మనవాళ్లు తిరగబడ్డారు. మన్సబుదారు పన్నులు, కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు కారణాలని పాఠ్యపుస్తకాల్లో చెప్పుకుంటాం. తక్కువగా చెప్పుకునే కారణం ఇంకొకటి ఉంది. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు చిన్న చిన్న అప్పులకు కింద ఊళ్లలోని సివిల్ కోర్టుల్లో దావా వేసేవారు. కొండ మీది మనిషికి ఆ నోటీసు అర్థమయ్యేది కాదు, కోర్టుకు వెళ్లేవాడు కాదు. ఎదుటి పక్షం లేకుండానే డిక్రీ అయిపోయేది. ఆ కాగితం పట్టుకుని వచ్చి పశువులు, గింజలు తోలుకుపోయేవారు. అప్పటి అధికారుల విచారణల్లోనే ఈ సంగతి రాసి ఉంది. మనవాళ్లు కత్తికీ తుపాకికీ ఓడిపోవడానికి ముందే తమకు తెలియని కాగితానికి ఓడిపోయారు.

అదే 1879లో ప్రభుత్వం లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం చేసింది. ప్లీడరు కావాలంటే హైకోర్టు నియమాల ప్రకారం పరీక్ష రాయాలన్న పద్ధతి అందులో ఉంది. ఒకే ఏడాది ఒక వైపు కోర్టు కాగితంతో నష్టపోయిన జనం తిరుగుబాటు, మరో వైపు కోర్టులో మాట్లాడే అర్హతకు పరీక్ష. ఈ రెండింటికీ సంబంధం ఉందని మేము అనడం లేదు. ఏడాది ఒకటే అని గుర్తు పెట్టుకుంటే మిగతా కథ మనసులో నిలుస్తుంది, అంతే.

మన ప్రాంతాలకు మాత్రం వేరే దారి వేశారు. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలకు 1839లోనే ప్రత్యేక చట్టం తెచ్చి మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టారు. 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం వచ్చింది. 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. ఇది రక్షణే. కానీ దీనివల్ల కొండ మీద న్యాయవాద వృత్తి అనేదే పెరగలేదు. వకీలు అంటే ఘాటీ దిగితే కనిపించేవాడు. ఇవాళ కూడా భూమి కేసుల కోసం స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టుకు వెళ్లిన మన పెద్దలు తమ భాషలో మాట్లాడే వకీలు కోసం వెతుక్కుంటున్నారు.

స్వాతంత్ర్యం తర్వాత మన బతుకంతా చట్టం మీదే నిలబడింది. 1959లో ఒకటో నంబరు భూ బదలాయింపు రెగ్యులేషన్, 1970లో దాని సవరణ, మనం వాడుకగా 1/70 అనేది. ఏజెన్సీలో భూమి ఎవరి చేతిలో ఉన్నా మొదట గిరిజనుడిదే అని భావించాలని ఆ సవరణ చెప్పింది. దాన్ని సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. 1997 జూలైలో సమత తీర్పు వచ్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల లీజుల నుంచి మొదలైన ఆ కేసు, షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని తేల్చేదాకా వెళ్లింది.

2020 ఏప్రిల్ 22న మరో తీర్పు వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో నంబరు 3ను అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. అప్పటికే చేరినవారి ఉద్యోగాలు తీయలేదు గానీ, మన తర్వాతి తరానికి ఆ తలుపు మూసుకుపోయింది. మా స్టాఫ్‌రూముల్లో ఎన్నో రోజులు అదే మాట. జీవో ఉంది కదా, డీఎడ్ చేస్తే మన ఊళ్లోనే ఉద్యోగం అని పిల్లలకు మేమే చెప్పేవాళ్లం. జీవో ఒక్క తీర్పుతో పోయింది. 1/70 మాత్రం 1988లో నిలిచింది. రెండూ కోర్టులోనే తేలాయి. పిల్లలు ఇవాళ లా అని అడగడం వెనుక ఈ తీర్పు కూడా ఉందని మా నమ్మకం.

ఇక గుమ్మం సంగతి. మద్రాసులో 1891లో లా కాలేజీ వచ్చింది. మన తెలుగు జిల్లాల వాళ్లు చాలా కాలం లా చదవడానికి అక్కడికే పోయేవారు. 1960లో ముఖ్యమంత్రి అయిన దామోదరం సంజీవయ్య గారు అక్కడే బీఎల్ చదివారు. ఆ రోజుల్లో లా సీటుకు ర్యాంకు అడ్డు కాదు. డిగ్రీ ఉండాలి, పట్నంలో ఉండి చదవడానికి డబ్బు ఉండాలి. మనకు రెండూ లేవు కాబట్టి గుమ్మం తెరిచి ఉన్నా దాటినవాళ్లు లేరు. "అవకాశం ఎంత" అని లెక్కించే అవసరమే అప్పుడు రాలేదు.

1986లో కర్ణాటక చేసిన చట్టంతో బెంగళూరులో నేషనల్ లా స్కూల్ పుట్టింది. ఎన్.ఆర్. మాధవ మీనన్ గారు దాని మొదటి డైరెక్టరు. 1988లో మొదటి బ్యాచ్ చేరింది. ఇంటర్ కాగానే నేరుగా అయిదేళ్ల లా చదువు, దానికి ప్రవేశ పరీక్ష. 1998లో హైదరాబాదులో నల్సార్ వచ్చింది, ఇప్పుడు శామీర్‌పేటలో ఉంది. 2008లో మన రాష్ట్రంలో ఇంకొకటి పెట్టారు. తర్వాత దానికి సంజీవయ్య గారి పేరే పెట్టారు. అది విశాఖపట్నం దగ్గర సబ్బవరంలో ఉంది. పాడేరు ఘాటీ దిగి వెళ్లేవాళ్లకు అదేమంత దూరం కాదు.

2008కి ముందు ఒక్కో యూనివర్సిటీ ఒక్కో పరీక్ష పెట్టుకునేది. ఒక్కో దరఖాస్తుకు ఒక్కో రుసుము, ఒక్కో ఊరికి ప్రయాణం. అలాంటప్పుడు అవకాశం లెక్క వేయాలంటే మొదట జేబు లెక్క వేయాలి. ఈ బాధ సుప్రీంకోర్టు దాకా వెళ్లాక ఉమ్మడి పరీక్ష క్లాట్ పుట్టింది. 2008 మేలో ఏడు యూనివర్సిటీలతో మొదలైంది. ఇప్పుడు ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వంటివి తప్ప దాదాపు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఢిల్లీది ఐలెట్ అనే వేరే పరీక్ష.

ఉమ్మడి పరీక్ష వల్ల ఖర్చు తగ్గింది. దానితోపాటు దేశమంతటికీ ఒకే ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకే మన పిల్లలను బెదరగొడుతోంది. తొమ్మిదివేల ర్యాంకు వచ్చిన పిల్ల ఇంటికి వచ్చి "నాకు రాదు" అని ఏడుస్తుంది. ఎందుకు రాదు? పట్నం కోచింగు బోర్డు మీద వందలోపు ర్యాంకుల ఫోటోలు చూసింది కాబట్టి. ఆ బోర్డుకూ ఆమె లెక్కకూ సంబంధం లేదు.

అసలు లెక్క ఇలా ఉంటుంది. ఒక యూనివర్సిటీలో 120 సీట్లు ఉన్నాయనుకుందాం. ఎస్టీలకు 7.5 శాతం అంటే 9 సీట్లు. ఆ తొమ్మిదికి పోటీ పడేది ఎస్టీ పిల్లలు మాత్రమే. దేశ ర్యాంకు ఎంతైనా సరే, ఎస్టీ జాబితాలో నీ ముందు ఎంతమంది ఉన్నారన్నదే ప్రశ్న. ఆ ముందున్నవారందరూ ఈ యూనివర్సిటీలోనే చేరరు. పై వరుసలో ఉన్నవారు బెంగళూరుకో హైదరాబాదుకో పోతారు. జనరల్ సీటుకు సరిపోయే ర్యాంకు వచ్చిన ఎస్టీ పిల్లవాడిని ఎస్టీ సీటులో లెక్కించరాదు. 1992 నాటి ఇందిరా సాహ్నీ తీర్పు నుంచి ఇది స్థిరపడిన సూత్రం. కాబట్టి కౌన్సెలింగు ఒక్కో రౌండు గడిచే కొద్దీ ఎస్టీ సీటు కింది ర్యాంకులకు జారుతుంది. మొదటి రౌండులో పేరు లేదని ఊరుకున్నవాళ్లు పోగొట్టుకునేది ఇక్కడే.

కాబట్టి ఒక్క ఏడాది కటాఫ్ చూడకూడదు. కనీసం మూడేళ్లవి చూడాలి, చివరి రౌండువి చూడాలి. ఉదాహరణ చెబుతాం. ఇవి నిజమైన అంకెలు కావు, పద్ధతి తెలియడానికి మేము వేసుకున్నవి. ఒక యూనివర్సిటీలో మూడేళ్లుగా ఎస్టీకి చివరి ర్యాంకులు 9,000, 11,500, 10,200 అనుకోండి. మన పిల్లకు 10,800 వచ్చింది. మూడేళ్లలో ఒక్క ఏడాదే ఆ ర్యాంకుకు సీటు దొరికేది. వదులుకోవాల్సింది కాదు, నమ్ముకోవాల్సిందీ కాదు. ఇక్కడితో ఆగకూడదు. 9,000 దగ్గర ఆగిన ఏడాది పరీక్ష రాసినవారు 60,000 అయితే అది నూటికి 15వ స్థానం. ఈ ఏడాది 70,000 మంది రాస్తే అదే స్థానం 10,500 అవుతుంది. ర్యాంకు పెద్దదైనంత మాత్రాన పిల్ల వెనకబడినట్టు కాదు. ఇది ఏడో తరగతి శాతాల లెక్కే, మన బడిలో మనం చెప్పేదే.

మార్కులతో మాత్రం ఏళ్లను పోల్చకూడదు. క్లాట్ మొదట 200 ప్రశ్నల పరీక్ష. 2020లో 150కి తగ్గించి, బట్టీ ప్రశ్నలు తీసేసి, పేరాలు చదివి జవాబు రాసే పద్ధతి తెచ్చారు. 2023 డిసెంబరు పరీక్ష నుంచి 120 ప్రశ్నలే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇన్ని మార్పులున్నాక "మా అన్నకు అప్పట్లో 90 వస్తే సీటు వచ్చింది" అనే మాటకు విలువ లేదు. ర్యాంకు కూడా ఇనుప కడ్డీ కాదు. 2024 డిసెంబరులో జరిగిన పరీక్ష జవాబుల వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 మేలో తేలింది. అందాకా కౌన్సెలింగే ఆగింది.

మార్పుల్లో అన్నిటికన్నా మనకు నష్టం చేసింది తేదీ మార్పు. 2008 నుంచి చాలా ఏళ్లు ఈ పరీక్ష ఇంటర్ పరీక్షల తర్వాత, మే నెల ప్రాంతంలో జరిగేది. 2022లో జూన్‌లో ఒకసారి, డిసెంబరులో మరుసటి ఏడాదికి ఇంకోసారి పెట్టారు. అప్పటి నుంచి డిసెంబరే. అంటే పిల్ల ఇంటర్ రెండో ఏడాది సగంలో ఉండగానే పరీక్ష, దానికి దరఖాస్తు ఇంకా ముందు, వానాకాలంలోనే. పట్నం పిల్లకు ఈ సంగతి కోచింగు సెంటరు చెబుతుంది. మన పిల్లకు చెప్పాల్సింది ఎవరు? గురుకులంలో లెక్చరరు, ఆశ్రమ పాఠశాలలో మనం.

ఆప్షన్ల దగ్గర ఒక భయం మా ప్రాంతంలో బాగా పాతుకుపోయింది. రాని సీటును పైన రాస్తే వచ్చే సీటు కూడా పోతుందని. పోదు. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరి ఆప్షన్లు పైనుంచి చూసుకుంటూ ఏది ఖాళీ ఉంటే అది ఇస్తారు. కాబట్టి ఇష్టమైనదే మొదట రాయాలి, తప్పక వస్తుందనుకున్నది కింద ఉండాలి. సీటు వచ్చాక ఫ్రీజ్ చేస్తే అక్కడే స్థిరం. ఫ్లోట్ పెడితే తర్వాతి రౌండులో పై ఆప్షన్ దొరికినప్పుడు కింది సీటు దానంతట అదే వదిలిపోతుంది. వదిలిపోయాక వెనక్కు రాదు. ఇంట్లో మాట్లాడుకుని పెట్టాల్సిన బొత్తం అది, నెట్ సెంటరు కుర్రాడు పెట్టాల్సింది కాదు.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. అఖిల భారత ఎస్టీ జాబితాలో రాజస్థాన్ మీణాలు ఉంటారు, మేఘాలయ ఖాసీలు ఉంటారు, మనలోనే అధికారుల పిల్లలు, పట్నంలో ఇంగ్లీషు బడిలో చదివినవారు ఉంటారు. వాళ్లు మనకు పరాయివాళ్లు కారు. కానీ పేరా చదివి జవాబు రాసే ఇంగ్లీషు పరీక్షలో కోదు పిల్లా, కొండరెడ్డి పిల్లా వాళ్లతో ఒకే గీత మీద నిలబడుతున్నారు. అందుకే రాష్ట్ర కోటా ఉన్న యూనివర్సిటీ మనకు ముఖ్యం. ఆ కోటాలో పోటీ మన రాష్ట్రపు ఎస్టీ పిల్లలతోనే. ఒకే యూనివర్సిటీకి అఖిల భారత ఎస్టీ కటాఫ్ ఒకటి, రాష్ట్ర ఎస్టీ కటాఫ్ వేరొకటి ఉంటాయి. కాగితంలో రెండు వరుసలూ చూడాలి. దరఖాస్తులో సొంత రాష్ట్రం గడి నింపకపోతే రెండో వరుస మనది కాకుండా పోతుంది. కుల ధ్రువపత్రం, నివాస పత్రం, ఆధార్, టెన్త్ మెమో నాలుగింట్లో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉండడం మన పిల్లలకు అలవాటైన తలనొప్పి. అది ఆగస్టులోనే సరిచేయాలి.

కటాఫ్ అనేది తెలివి కొలత అని చాలామంది అనుకుంటారు. మా ఉద్దేశంలో అది ఎంతమంది రాశారన్నదానికి కొలత. ఒక రాష్ట్రపు ఎస్టీ కోటాలో చివరి ర్యాంకు బాగా కిందికి జారిందంటే మన పిల్లలు తెలివితక్కువవారని కాదు, తక్కువమంది రాశారని. పదిమంది ఎక్కువ రాస్తే వాళ్లలో ఒకరిద్దరు తప్పక లోపలికి పోతారు. మిగతావారు పై ఏడాదికి దారి చెబుతారు.

డబ్బు మాట పక్కన పెట్టి అవకాశం లెక్క వేయడం తప్పు. అర్హత మార్కులు మనకు ఇంటర్‌లో 40 శాతమే. దరఖాస్తు రుసుము 3,500 రూపాయలు ఉంటోంది. కౌన్సెలింగుకు ఇటీవలి ఏళ్లలో ఎస్టీలకు 20,000 కట్టించుకుంటున్నారు. కాఫీ గింజలు, మిరియాలు సంతకు పోయే రోజులూ ఈ కట్టే రోజులూ కలవాలి కదా. ర్యాంకు వచ్చి డబ్బు అందక రౌండు దాటిపోతే ఆ ర్యాంకు ఉన్నా లేనట్టే. ఆ తర్వాత ఏటా లక్షల్లో ఫీజు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ టాప్ క్లాస్ స్కాలర్‌షిప్పు ఎంపిక చేసిన సంస్థల్లో చేరిన ఎస్టీ పిల్లలకు ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 6 లక్షలు దాటకూడదు. చేరబోయే యూనివర్సిటీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్ రాసే ముందే చూసుకోవాలి. 2010లో షమ్నాద్ బషీర్ గారు మొదలుపెట్టిన ఐడియా అనే సంస్థ బీద పిల్లలకు లా పరీక్షల శిక్షణ ఇస్తోంది. మన దగ్గర ఇంకా చాలామందికి దాని పేరే తెలియదు.

మరి మేలో వచ్చి అడిగిన పిల్లకు ఏం చెప్పాలి? లాసెట్ చెప్పాలి. అది రాష్ట్ర పరీక్ష, తెలుగులో రాయవచ్చు, 120 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. మిగతావారికి 35 శాతం వస్తేనే అర్హత, ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస గీత కూడా లేదు. ఇంటర్ తర్వాత అయిదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు. లాసెట్ దారిన చదివినవాళ్లూ బార్ కౌన్సిల్‌లో నమోదైతే అదే నల్లకోటు వేసుకుంటారు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో భూమి కేసు నడపడానికి శామీర్‌పేట పట్టా అక్కర్లేదు. అయితే రాజ్యాంగ ధర్మాసనం ముందు వాదించే న్యాయవాదులను, వాళ్లకు కాగితాలు తయారుచేసేవారిని, రేపటి న్యాయమూర్తులను ఎక్కువగా తయారుచేస్తున్నవి ఆ పెద్ద సంస్థలే. ఊరి కోర్టుకు ఒకరు, ఢిల్లీ కోర్టుకు ఒకరు మనకు కావాలి. ఒకటి చాలని రెండోది వదులుకోమని మేము ఏ పిల్లకూ చెప్పం.

మా మండలంలో కొందరు ఉపాధ్యాయులం కలిసి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఒక్కో యూనివర్సిటీకి ఒక పేజీ. ఏడాది, పరీక్ష రాసినవారి సంఖ్య, అఖిల భారత ఎస్టీ చివరి ర్యాంకు, రాష్ట్ర ఎస్టీ చివరి ర్యాంకు, ఎన్నో రౌండు, ఫీజు ఎంత, స్కాలర్‌షిప్పు జాబితాలో ఉందా. ఈ వివరాలన్నీ ఆ సంస్థలే తమ కౌన్సెలింగు జాబితాల్లో బయటపెడతాయి, ఫోనులో తీసి రాసుకోవచ్చు. తొమ్మిదో తరగతి నుంచే రోజుకో ఇంగ్లీషు పేరా చదివించడం మొదలుపెట్టిన బడులకు ఈ పుస్తకం ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే పరీక్షలో వచ్చే పేరా ఒక్కోటి దాదాపు 450 పదాలు. అడిగినవారికి ఆ పేజీలు ఫోటో తీసి పంపుతాం. జూలైలో అడగండి.